కేశుకి ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చింది?

చెన్నై,
12-7-2005.

అమ్మకి,

నీ సూర్యకళ నమస్కరించి రాస్తున్నది. నేను కులాసా. నువ్వూ, నాన్నగారూ, చెల్లి దుర్గాశ్రీ అంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. అచ్చిబాబు మావయ్యతో పంపిన పూతరేకులు బస్సులో నలిగి పొడైపోయాయి. ఆ పొడే చెంచాతో తిన్నాను. ఆత్రేయపురం ఆత్రేయపురమే.

ఫోన్‌లో నా గొంతు విని జలుబనుకుని, మిరియాల కషాయం తాగమని రాశావు. జలుబు కాదమ్మా, అరిచి అరిచి అలా అయింది. డబ్బింగ్ అంటే సినిమా హీరోయిన్లకనుకుని ఊరంతా చెప్పుకున్నావు. నేను చెప్పేది టీవీలో వచ్చే జపాన్ బొమ్మల సీరియల్‌కి, అందులో ఒక మగపిల్లాడికి. నవ్వితే నవ్వు. వాడి అసలు పేరు మనవాళ్లకి నోరు తిరగక కేశు అని మార్చారు. నది పుట్టిన చోటు చూడాలని వాడు ఒంటరిగా బయల్దేరతాడు. ప్రతి రేవులోనూ ఎవరో ఒకరు అడ్డం పడతారు. వాళ్లతో తలపడితేగాని పడవ ముందుకి కదలదు. అలా మూడు వందల భాగాలు. "అన్ని భాగాలూ కొట్టుకోవడమేనా?" అంటావు. మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను.

చెప్పగా చెప్పగా తెలిసింది, వాడు ఎదిగేదంతా ఆ దెబ్బలాటల్లోనే అని. మొదటి రేవులో పడవవాడు తెడ్డు ఎత్తగానే కళ్లు మూసుకుంటాడు. తర్వాత ఎక్కడో కళ్లు తెరిచే దెబ్బ తింటాడు. ఒకచోట గెలిచి కూడా, కిందపడ్డవాణ్ణి చూసి ఏడుస్తాడు. కొట్టినవాళ్లే కొందరు వాడికి గురువులవుతారు. నేను మారాను అని వాడు నోటితో ఎప్పుడూ చెప్పడు. పడే తీరులో, లేచే తీరులో మనమే చూసుకోవాలి. జపాన్ టేపులో వాడు దెబ్బ తగిలితే ఏదో మూలుగు మూలుగుతాడు. మన పిల్లలైతే ఏమంటారు? నేను "అమ్మా!" అన్నాను. అది నా సొంత కల్పన. మొదట్లో ప్రతి దెబ్బకీ అనిపించాను, పోనుపోను తగ్గించాను. కర్రసాము నేర్చిన ఒక ముసలమ్మ వాణ్ణి చావబాదే ఘట్టం ఉంది. అక్కడ వాడు మొదటిసారి అమ్మా అనడు. పళ్లు బిగబట్టి, ఒక్క ఊపిరి తీసుకుని లేస్తాడు. ఆ ఊపిరి కుదిరేదాకా రోజంతా మైకు ముందు నిలబడ్డాను. నువ్వు ఫోన్ చేసింది ఆ సాయంత్రమే.

ఆ దెబ్బలాట మొత్తం టీవీవాళ్లు కోసి పారేశారమ్మా! చూసి పిల్లలు కొట్టుకుంటున్నారని ఎవరో ఫిర్యాదు చేశారట. ఇప్పుడు ముసలమ్మ కర్ర ఎత్తుతుంది, మరుక్షణం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని అన్నం తింటూ ఉంటారు. ఎలా కలిశారో ఆ దేవుడికే తెలియాలి. ఆ కన్నం పూడ్చడానికి నన్ను ఒక ముక్క చెప్పమన్నారు: "ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది."

"ఎక్కణ్ణుంచి వచ్చిందండీ? పోస్టులో వచ్చిందా?" అన్నాను.

"చెప్పమన్నది చెప్పండమ్మా. పిల్లల ప్రోగ్రామ్‌కి ఇంత గొడవెందుకు?" అన్నాడు ఇన్‌చార్జి.

"పిల్లలైతే ఏది పెట్టినా తినేస్తారా? ఆ ముక్క నేను చెప్పనండి."

"అయితే వేరే అమ్మాయిని పెట్టుకుంటాం."

"పెట్టుకోండి" అని వచ్చేశాను. ఇప్పుడు కేశుకి ఇంకో అమ్మాయి చెబుతోంది. నాకు గొంతివ్వడానికి చిన్నాచితకా పాత్రలు దొరుకుతున్నాయి, పస్తులుండనులే.

తొందరపడ్డావు అనకు. నీకా మాట అనే హక్కు లేదు. నా చిన్నప్పుడు పట్టిసీమ తీర్థంలో నాటకంవాళ్లు, వాన వచ్చేలా ఉందని యుద్ధం ఎగరగొట్టేసి, కొడుకు శవం మీద తల్లి ఏడుపులోకి దూకేస్తే, అంత జనంలో లేచి నిలబడింది ఎవరు? "యుద్ధం లేకుండా ఏడుపేంటండీ? వాడెలా పోరాడాడో చూడకుండా మేమెందుకేడవాలి?" అని నువ్వు గదమాయిస్తే, కిరీటాలు తీసేసినవాళ్లు మళ్లీ పెట్టుకుని వచ్చారు. నాన్నగారు కండువాలో మొహం దాచుకున్నారు.

మరి నా యుద్ధాన్ని ఎందుకు కోసేశావమ్మా?

అల్లుడుగారి సంగతి ఒక్క ముక్కా రాయవేం అని అడిగావు. ఇదిగో రాస్తున్నాను. కేశు చేత అనిపించిన ఆ "అమ్మా" నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మా వంటింట్లో అరిచిందే మైకులో అరిచాను. కిందటేడు నేను వచ్చినప్పుడు నా భుజం మీద కమిలిన మచ్చ చూసి నువ్వేమన్నావు? "సంసారమన్నాక ఇలాంటివి ఉంటాయే. పైకి చెప్పుకుంటే మనకే నామోషీ. సర్దుకుపో" అన్నావు. నాటకంలో రాజుగారి కొడుకు యుద్ధమైతే చూడాలి, కన్నకూతురిదైతే కళ్లు మూసుకోవాలా? ఆ ఇన్‌చార్జి మీదకంటే నీ మీదే నాకు ఎక్కువ కోపంగా ఉంది.

కిందటి నెల చారులో ఉప్పెక్కువైందని గణేష్‌బాబు మళ్లీ చెయ్యెత్తాడు. గారు అనీ, ఆయన అనీ ఇక రాయలేను. ఈసారి నేను అమ్మా అనలేదు. కళ్లు మూసుకోలేదు. ఆ మణికట్టు పట్టుకుని, "ఈ చెయ్యి ఇంకోసారి లేస్తే ఊరుకోను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అతను పీట మీద కూలబడ్డాడు. మర్నాడు పెట్టె సర్దుకుని, నాతో డబ్బింగ్ చెప్పే వీరవేణి గారింట్లో ఒక గదిలోకి మారిపోయాను. తిరిగి వెళ్లను.

దుర్గాశ్రీ నిశ్చితార్థానికి ఇద్దరం కలిసి రమ్మని రాశావు. నేనొక్కదాన్నే వస్తాను. దాని సంబంధం చెడిపోతుందని నీకు భయం వేస్తుంది, తెలుసు. ఈ మాట వింటేనే చెడిపోయే సంబంధమైతే ఇప్పుడే చెడనీ, అది నాలా తర్వాత ఏడవక్కర్లేదు. అడిగినవాళ్లకి "అల్లుడుగారికి సెలవు దొరకలేదు" అని మాత్రం చెప్పకు. "కొట్టేవాడండీ, వచ్చేసింది" అని చెప్పు. నాన్నగారికీ అదే చెప్పు. నీకు నోరు రాకపోతే నా పక్కన నిలబడు, నేనే చెబుతాను. నువ్వు నిలబడకపోయినా చెబుతాను. కానీ నిలబడమ్మా.

ఇట్లు,
నీ పెద్దకూతురు
సూర్యకళ