ముప్పై ఒకటో ప్రశ్నలోని ఆడమనిషిని నేనే

శ్రీ డగ్లస్ ప్రూయిట్ గారి సముఖమునకు,
డైరెక్టర్, నేర బాధితుల సహాయకుల అర్హతా బోర్డు.

అయ్యా,

విషయం: నా భర్త పోయిన రోజున నేను ఎందుకు నవ్వానన్న ప్రశ్నకు నేను రాసిన జవాబు తప్పని తమ బోర్డు తేల్చుట, ఆ ఒక్క మార్కు తక్కువైనదని నన్ను ఫెయిల్ చేయుట, అందువలన వచ్చే మంగళవారం తాషా రిచీ అనే పిల్ల కోర్టులో ఒంటరిగా కూర్చోవలసి వచ్చుట – గురించి.

టాలివర్ కౌంటీ, లారెల్ వాగు నివాసి, కీర్తిశేషులు ఎల్డన్ స్టిడమ్ గారి భార్య వర్నా స్టిడమ్ అను నేను వినయపూర్వకముగా విన్నవించుకొనునది ఏమనగా. ఇక్కడ "వినయపూర్వకముగా" అనే మాట ఉండి తీరాలన్నారు కాబట్టి రాశాను. అంతకుమించి దానికి అర్థం వెతకవద్దని మనవి.

1. నా భర్తను ఆయన పెట్రోలు బంకులోనే ఒక దొంగ కాల్చి చంపాడు. ఆ కేసు నడిచినన్నాళ్ళూ కోర్టు బెంచీ మీద నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. వాడు నాకు ఎదురుగా, నలుగురు మనుషుల మధ్య కూర్చునేవాడు. అది ఎలా ఉంటుందో తెలిసినదాన్ని గనుక, అప్పటినుంచి ఈ కౌంటీలో దెబ్బలు తిన్నవాళ్ళు, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఎవరు కోర్టుకెక్కినా వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఈ ఏడాది తమరు నిబంధన తెచ్చారు. ముందు బెంచీలో బాధితుల పక్కన కూర్చోవాలంటే తమ బోర్డు ఇచ్చే అర్హతా పత్రం ఉండాలట. కూర్చోవడానికి! సరే, తమరి సంతోషం కోసం పాఠాలకు వచ్చాను, పరీక్ష రాశాను.

2. తాషా రిచీకి ఇంకా ఇరవై నిండలేదు. కాపురం చేసినవాడే ఇనుప పానాతో దవడ విరగ్గొట్టాడు. ఇప్పుడు పళ్ళకు తీగలు కట్టించుకుని, వాటి సందుల్లోంచి మాట్లాడుతుంది. మంగళవారం జడ్జిగారి ముందు, వాడి ఎదురుగా, జరిగింది చెప్పాలి. నేను ఫెయిలయ్యానని తెలిసి మా ఇంటికొచ్చింది.

"నువ్వు పక్కన లేకపోతే నేను రాను, వర్నా ఆంటీ. వాణ్ణి వదిలేస్తే వదిలెయ్యనీ. నావల్ల కాదు."

"వదిలేస్తే నీ ఇంటికే వస్తాడే, పిచ్చిదానా."

"తెలుసు," అంది.

తమరి పత్రం ఉన్న సహాయకురాలు ఒకావిడ పక్క కౌంటీలో ఉందట. ఆవిడ ఫోను తెరలో కనిపించి ధైర్యం చెబుతుందట. ఆ ఫోను ఎవరు పట్టుకోవాలో తమరి ఉత్తర్వులో లేదు.

3. పాఠాలకు వచ్చినప్పుడు మూడో రోజున ఉపాధ్యాయురాలు ఒక కేసు చదివి వినిపించింది. "ఎం" అనే స్త్రీ. భర్త మందుల షాపులో దొంగతనం జరుగుతుండగా హతుడయ్యాడు. వార్త తెచ్చినవాళ్ళు వచ్చేసరికి ఆమె సూపు కాస్తోంది. వార్త విని నవ్వింది. బంకును మందుల షాపు చేశారు, చిక్కుడు గింజలను సూపు చేశారు, నన్ను ఒక్క అక్షరం చేశారు, ఎల్డన్‌ను వట్టి భర్తను చేశారు. నా నవ్వును మాత్రం ముట్టుకోలేదు.

నా పక్కన కూర్చున్న అమ్మాయి, "పాపం, ఆవిడకి పిచ్చెక్కుంటుంది," అని నాతో గుసగుసలాడింది.

"లేదమ్మా, బాగానే ఉంది. నీ పక్కనే కూర్చుంది," అన్నాను. ఆ పిల్ల మళ్ళీ నా వైపు చూస్తే ఒట్టు.

ఆ కేసు రాసినది కార్లా వాన్స్ గారు. ఆ రోజు బాధితుల సహాయకురాలి హోదాలో మా వంటింట్లోకి వచ్చినావిడ. ఆ తర్వాత మా వాగు వైపు మళ్ళీ రాలేదు. రాజధానిలో తమ బోర్డులో చేరి, నా మీద పాఠం రాసింది. నా సంగతి వాడుకోవచ్చని నేను సంతకం పెట్టి ఉంటానని అంటారేమో. ఆ రోజు నా ఇల్లు రాసిమ్మన్నా సంతకం పెట్టేదాన్ని.

4. పరీక్షలో ముప్పై ఒకటో ప్రశ్న: "భర్త మరణవార్త విని 'ఎం' నవ్వుట దేనికి సూచన?" అ) వాస్తవాన్ని తిరస్కరించుట. ఆ) దిగ్భ్రాంతి. ఇ) పూర్వపు మానసిక రుగ్మత. ఈ) దాంపత్యంలో అసంతృప్తి.

అయ్యా, ఆ నాలుగోది చదివాక నా ఒళ్ళు మండిన మంట ఇంకా ఆరలేదు. తమలో ఎవరో ఒకరు బల్ల దగ్గర కూర్చుని, కాఫీ తాగుతూ, నాలుగో జవాబు ఏం పెడదామా అని ఆలోచించి, నా కాపురాన్ని అక్కడ పెట్టారు. నేను కింద గీత గీసి ఇలా రాశాను: "ఉ) టోపీ."

వివరం అడగలేదు గనుక ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు కార్లా గారితో పాటు వార్త చెప్పడానికి వచ్చినవాడు డిప్యూటీ షెరీఫ్ రాస్కో మాడక్స్. ఈ కౌంటీలో రాస్కో టోపీ ఎంత పెద్దదో, ఎక్కడపడితే అక్కడ ఎలా పెడతాడో అందరికీ తెలుసు. ఒకసారి ఎల్డన్ బంకులో ఎరచేపలు అమ్మే తొట్టిలో పెట్టాడు. ఎల్డన్ ఆ సంగతిని పెట్రోలుకు వచ్చిన ప్రతివాడికీ చెప్పి, చెప్పినప్పుడల్లా మొదటిసారిలాగే నవ్వేవాడు.

నేను అప్పుడే మొక్కజొన్న రొట్టె దించి, పైన వెన్న రాసి బల్ల మీద పెట్టాను. రాస్కో మర్యాదకు టోపీ తీశాడు. నా మొహం చూడలేక ఎటో చూస్తూ, దాన్ని తిన్నగా రొట్టె మీద పెట్టాడు. "వర్నా, ఎల్డన్ ఇక లేడు," అన్నాడు. టోపీ వెన్నలోకి మెల్లగా కుంగుతోంది. నాకు నవ్వొచ్చింది. సాయంత్రం ఎల్డన్ రాగానే ముందు ఇదే చెప్పాలి అనుకున్నాను.

అలా అనుకున్నాక అప్పుడు తెలిసింది నాకు. రాస్కో చెప్పినప్పుడు కాదు.

కార్లా గారికి టోపీ కనిపించలేదు. ఆవిడ సంచిలోంచి దుఃఖపు దశలు అచ్చువేసిన కాగితం వెతుకుతోంది. రాస్కో పొయ్యి వైపు చూసి, "వర్నా, చిక్కుళ్ళు మాడుతున్నాయి. దించేదా?" అన్నాడు. ఆ రోజు నాకు పనికొచ్చిన మాట అదొక్కటే. ఆ మాట తమరి పాఠంలో లేదు.

5. తిరిగి మార్కులు చూడమని ఫోను చేస్తే తమ కార్యాలయంలో కెల్సీ అనే అమ్మాయి పలికింది.

"ఇచ్చిన నాలుగింట్లోంచే ఒకటి ఎంచుకోవాలండీ. మీరు ఐదోది రాశారు."

"నిజం ఐదోదమ్మా, ఏం చెయ్యను?"

"'ఎం' అంటే ఒక్క మనిషి కాదండీ. చాలామంది అనుభవాలు కలిపి తయారుచేసిన పాత్ర."

"ఆ చాలామందీ కలిసి నా వంటింట్లో నిలబడ్డారా?"

ఆ పిల్ల ఎదురుగా ఉన్న కాగితంలోంచి చదివినట్టు, "మీరు ప్రశ్నను వ్యక్తిగతంగా తీసుకున్నారండీ," అంది.

డైరెక్టర్ గారూ, ప్రశ్నలో ఉన్నది నేనైతే మరి ఎలా తీసుకోవాలి? తమరు రాసి చూపించండి. వచ్చే పరీక్ష అక్టోబరులోనట. తాషా దవడ విరగ్గొట్టినవాణ్ణి అక్టోబరు దాకా ఆగమని తమరే చెప్పండి, నేను చెబితే వినడు.

6. కావున తమరు ముప్పై ఒకటో ప్రశ్నకు నా మార్కు నాకిచ్చి, మంగళవారం లోగా అర్హతా పత్రం పంపవలెను. పంపలేకపోతే నా మొగుడి చావును తమ ప్రశ్నపత్రంలోంచి తీసేయవలెను. రెండూ చేస్తే మరీ మంచిది. ఏదీ చేయకపోతే, "అసంతృప్తి" అనే మాట రాసిన చేతిని ఒకసారి మా వాగుకు పంపండి. కూర్చోబెట్టి అన్నం పెట్టి, మా కాపురం ఎలాంటిదో తెల్లారేదాకా చెబుతాను.

తమరు చిత్తగించినా, చెత్తబుట్టలో వేసినా, ఇది నిజమని నమ్మి రాసినది.

ఎవరికీ విధేయురాలు కాని,
వర్నా స్టిడమ్

తా.క.: కవరు అంటించబోతుంటే రాస్కో వచ్చాడు. ఇప్పుడు కోర్టు హాలు కాపలా అతనిదే. ఉత్తరం చదివి మొహం ఎర్రగా చేసుకుని, "నీ సీటు వెనక బెంచీలో. అది జనం బెంచీ, ఎవడి కాగితమూ అక్కర్లేదు. ముందు బెంచీలో ఆ పిల్ల పక్కన నా టోపీ పెడతా. టోపీకి అర్హతా పత్రం అడిగే మగాడెవడో చూస్తా," అన్నాడు. తాషా అప్పుడు మా వంటింట్లోనే ఉంది. ఏ టోపీ, ఎందుకని అడిగింది. రొట్టె సంగతి చెప్పాను. దవడకు చెయ్యి అడ్డం పెట్టుకుని, నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా, తీగల సందుల్లోంచి నవ్వింది. "అయితే వస్తా," అంది. ఆ నవ్వు దేనికి సూచనో తమరి నాలుగింట్లోంచి ఒకటి ఎంచుకోండి. ఐదోది రాయకూడదు.