హాల్బర్ట్‌లో వచ్చే మంగళవారం

హాల్బర్ట్, నెబ్రాస్కా
14 జూన్ 1982

శ్రీ రాజగోపాల్ గారికి ఉమామహేశ్వరరావు నమస్కరించి రాయునది.

మీరంతా కులాసా అని తలుస్తాను. మేమూ కులాసాయే, కాకపోతే ఎక్కడున్నామో చెప్పడమే కష్టం. నిన్న ఆదివారం పదకొండు గంటలకి డెన్వర్‌లో మీ ఇంట్లో మా గోపాల్‌కీ మీ శశికళకీ పెళ్ళిచూపులు జరగాల్సిన వేళకి, నేనూ మా ఆవిడ రాజేశ్వరమ్మా గోపాలూ ఇక్కడ ఒక గ్యారేజీ ముందు పాత టైర్ల మీద కూర్చుని ఉన్నాం.

ఇల్లినాయిలో గోపాల్ ఉండే అరోరా నుంచి తిన్నగా విమానం ఎక్కుదామురా అన్నాను. వాడు వినలేదు. "దారిలో క్యాంపింగ్ చేద్దాం నాన్నా, దేశం చూసినట్టుంటుంది" అన్నాడు. క్యాంపు అంటే నాకు తెలియనిదా? తహసీల్దారుగా ఇరవై ఏళ్ళు క్యాంపులు చేశాను. ట్రావెలర్స్ బంగళా, వేడినీళ్ళు, నాటుకోడి వద్దంటే వంకాయ కూర. సరే అన్నాను. ఇక్కడ క్యాంపు అంటే ఇల్లున్నవాళ్ళు ఇల్లు లేనివాళ్ళలా నేలమీద పడుకోవడమని మొదటి సాయంత్రం గానీ తెలియలేదు. అప్పటికే నా వీపు కింద ఒక రాయి స్థిరపడింది.

శుక్రవారం మధ్యాహ్నం ఈ ఇసక కొండల మధ్య గోపాల్ వాన్ కింద, డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టు చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. దాన్ని ఈ ఊరికి ఈడ్చుకొచ్చారు. ఊరి జనాభా రెండు వందల పన్నెండు. మెకానిక్ పేరు వాల్ట్. కిందకి దూరి చాలాసేపు చూసి, బయటికొచ్చి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని "ట్రాన్స్‌మిషన్" అన్నాడు. గేర్లపెట్టె పోయింది, ఇంకోటి ఒమాహా నుంచి రావాలట. ఎప్పుడొస్తుందంటే "మంగళవారం" అన్నాడు.

శనివారం మీకు కలెక్ట్ కాల్ చేశాం. "మిస్టర్ రావు మాట్లాడతారట, కాల్ ఖర్చు మీది, తీసుకుంటారా?" అని ఆపరేటర్ అడిగితే "ఏ రావు? వద్దు" అని మీరు పెట్టేశారు. తప్పు మీది కాదు, ఈ దేశంలో రావులు ఎక్కువయ్యారు. గోపాల్ మళ్ళీ చేస్తానన్నాడు గానీ నేనే వద్దన్నాను. ఇలాంటి సంగతులు కాయితం మీద ఉంటేనే రుజువు. మంగళవారం దాటగానే బయల్దేరతాం. దయచేసి మరోలా అనుకోవద్దు.

ఇట్లు,
ఉమామహేశ్వరరావు

తా.క.: ఇది రాజేశ్వరమ్మ రాస్తున్నది. మీ కోసం తెచ్చిన సున్నుండలు ఎండకి కరిగిపోతుంటే మెకానిక్‌కి రెండు ఇచ్చాను. చేతికి నెయ్యి అంటడం చూసి, ఇవి ఏ బేరింగులో వేయాలని గోపాల్‌ని అడిగాడట.


డెన్వర్
18 జూన్ 1982

శ్రీ ఉమామహేశ్వరరావు గారికి, నమస్కారములు.

మీ ఉత్తరం నిన్న అందింది. ఆదివారం మీరు రాకపోతే చాలా ఆందోళన పడ్డాం. పిలిచిన నలుగురు స్నేహితులూ నాలుగు గంటలదాకా ఉండి, మాకు ధైర్యం చెప్పి వెళ్ళిపోయారు. వాళ్ళు చెప్పిన ధైర్యం వల్లే నాకు కొన్ని అనుమానాలు వచ్చాయి, అడుగుతున్నాను.

అబ్బాయి టెలిఫోన్ పరికరాల కంపెనీలో ఇంజినీరన్నారు. మంచి ఉద్యోగంలో ఉన్నవాడు దారిలో ఆగిపోయే వాన్‌లో తిరగడం ఎందుకో మా స్నేహితులకి అర్థం కాలేదు. నేను ఈ దేశానికొచ్చి పదిహేనేళ్ళయింది, ఇక్కడి కాలేజీలో కెమిస్ట్రీ చెప్తున్నాను. కారు పాడైతే ఇంకో కారు అద్దెకి తీసుకుని వస్తారు. రాదలుచుకుంటే.

మా అమ్మాయి మెకానికల్ ఇంజినీర్, పంపులు తయారుచేసే కంపెనీలో పనిచేస్తోంది. మీ ఉత్తరం తనూ చదివి "ఏ మోడల్ డాడీ?" అని మాత్రం అడిగింది. మీరు రాయలేదు కాబట్టి చెప్పలేకపోయాను.

భవదీయుడు,
రాజగోపాల్

తా.క.: నమస్కారమండీ, నేను మీనాక్షిని, అమ్మాయి తల్లిని. ఆ రోజు ఐదింటికి టై కట్టుకున్న మన కుర్రాడొకడు తలుపు కొట్టాడు. మీ అబ్బాయి ఒక్కడే ముందొచ్చాడనుకుని మావారు కూర్చోబెట్టి జీతం అడిగారు. పాపం, చెప్పాడు. ఏడు బజ్జీలు తిన్నాక, సంచీలోంచి కాయితాలు తీశాకగానీ ఇన్సూరెన్స్ ఏజెంటని తెలియలేదు. పెళ్ళిచూపుల సంగతి ఎలా ఉన్నా మాకు పాలసీ కుదిరింది.


హాల్బర్ట్
22 జూన్ 1982

శ్రీ రాజగోపాల్ గారికి, నమస్కారాలు.

మీరు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. వాన్ 1968 మోడల్. ఇంజన్ నంబరు, ట్రాన్స్‌మిషన్ మీద చెక్కిన నంబరు, గోపాల్ వేసిన గేర్ల బొమ్మ విడి కాయితం మీద జతచేశాను. వాడికి పాత బండ్లంటే సరదా. ఆ సరదా ఇప్పుడు ముగ్గురం అనుభవిస్తున్నాం.

పోయిన మంగళవారం ట్రాన్స్‌మిషన్ వచ్చింది. పెట్టె విప్పితే అది 1972 మోడల్‌దట. వెనక్కి పంపారు. మళ్ళీ ఎప్పుడంటే వాల్ట్ "మంగళవారం" అన్నాడు. ఈ రోజూ మంగళవారమే. పొద్దున్న వెళ్ళి అడిగితే "ఈ మంగళవారం కాదు" అన్నాడు. మనిషి మంచివాడు. అబద్ధం ఆడడు, తేదీ చెప్పడు.

కారు అద్దెకి తీసుకోవాలంటే తొంభై మైళ్ళు వెళ్ళాలి. బస్సు లేదు. రైలు రోజూ నాలుగుసార్లు పోతుంది గానీ అందులో బొగ్గు తప్ప ఎవరూ ఎక్కరు. ఎవరినైనా బతిమాలి వెళ్ళిపోదామా అనుకుంటాం. ఇంతలో వాల్ట్ "రేపు ఫోన్ వస్తుంది" అంటాడు. రేపటిదాకా ఆగుతాం. పదకొండు రోజులు ఇలా ఒక్కొక్క రోజే ఆగాం.

ఖాళీగా కూర్చోలేక గోపాల్ రోజూ గ్యారేజీలో వాల్ట్‌కి సాయం చేస్తున్నాడు. ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు పొడిగించమని బతిమాలుకున్నాడు. వాళ్ళ సూపర్‌వైజర్ జూలై ఆరో తారీఖు తర్వాత ఇక కుదరదన్నాడట. ఆ ఫోన్ తర్వాత వాడు మాట్లాడ్డం తగ్గించాడు. పొద్దున్నే ముగ్గురం మేం దిగిన మోటెల్ వరండాలో కూర్చుని రోడ్డు చూస్తాం. పోస్టు బండి వస్తే ఆ రోజుకి అదే విశేషం.

ఆదివారం ఇక్కడి హోటలు మూసేస్తారు. చర్చిలో అందరూ తలో వంటకం తెచ్చుకుని భోంచేస్తారట, మమ్మల్నీ పిలిచారు. మాంసం లేని పదార్థాలు మూడు దొరికాయి. పది రోజుల తర్వాత కడుపునిండా తిన్నాం.

ఇట్లు,
ఉమామహేశ్వరరావు

తా.క.: రాజేశ్వరమ్మ. ఆ మూడింట్లో రెండు నేను వండినవే.


డెన్వర్
26 జూన్ 1982

అయ్యా,

మీ ఉత్తరం చేరింది. దానికి ముందే, సంగతేమిటో తెలుసుకుందామని గత ఆదివారం ఆ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మోటెల్‌కి ఫోన్ చేశాను. యజమానురాలు మిసెస్ ఓల్సన్ కొంచెం చెవిటావిడలా ఉంది, కానీ చెప్పాల్సింది స్పష్టంగానే చెప్పింది. గోపాల్ అనే పేరుగలవాళ్ళు ఎవరూ లేరంది. ఇల్లినాయి నుంచి వచ్చినతను అంటే, "ఓ, పాల్. మా ఊరి కొత్త మెకానిక్" అంది. ఒకసారి పిలవమంటే "చర్చికి వెళ్ళాడు" అంది.

మీ ఉత్తరంలో గ్యారేజీ పని, చర్చి భోజనం రెండూ మీరే ఒప్పుకున్నారు. ఉద్యోగం మారడం, మతం మారడం, పేరు మారడం మీ ఇంటి వ్యవహారాలు, నాకు అభ్యంతరం లేదు. కానీ ముందు చెప్పాల్సింది. సంబంధం ఇంతటితో ఆపేద్దాం. జాతకాలు తిప్పి పంపగలరు.

రాజగోపాల్

తా.క.: మీనాక్షిని. ఈయన కోపం అంటించేలోపు రాస్తున్నాను. మీ అబ్బాయి వేసిన గేర్ల బొమ్మని అమ్మాయి ఫ్రిజ్ మీద అంటించుకుంది. పెళ్ళికొడుకు ఫోటో ఇస్తే అది మాత్రం సొరుగులో పెట్టింది.


హాల్బర్ట్
30 జూన్ 1982

అయ్యా,

మా వాడి పేరులో సగమే ఈ ఊరివాళ్ళ నోట పలుకుతుంది. నన్ను "ఉమా" అంటున్నారు. పోస్టాఫీసులో మీ ఉత్తరం "మిసెస్ ఉమా" అని పిలిచి ఇచ్చారు. మీ లెక్క ప్రకారం నేనూ మారిపోయినట్టే.

మీరు వద్దన్నారు. మేమూ వద్దనే అంటున్నాం. జాతకాలు వాన్‌లో ఉన్నాయి, వాన్ జాకీల మీద ఉంది. దిగగానే పంపుతాను.

ఉమామహేశ్వరరావు

తా.క.: రాజేశ్వరమ్మ. కోపంతో మోటెల్ మెట్లు పదిసార్లు ఎక్కి దిగి రాశారు. పోస్టు చేసి వచ్చి భోజనం చేయలేదు.


హాల్బర్ట్
6 జూలై 1982

బావగారికి ఉమామహేశ్వరరావు నమస్కరించి రాయునది.

నా ముప్పయ్యో తారీఖు ఉత్తరం మీకు ఇంకా అందకపోతే విప్పకండి. అంది ఉంటే, అలిసిపోయినవాడు రాశాడనుకుని చింపేయండి. అమ్మాయి మీకు ఫోన్ చేసే ఉంటుంది. ఏం చెప్పిందో, మీరేం విన్నారో నాకు తెలియదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

శుక్రవారం పన్నెండింటికి గ్యారేజీ ముందు ఒక చిన్న కారు ఆగింది. జీన్స్ వేసుకున్న అమ్మాయి దిగి "నమస్తే అంకుల్, మీ పార్ట్ తెచ్చాను" అంది, తెలుగులో. డిక్కీ తెరిస్తే దుప్పట్లో చుట్టిన ట్రాన్స్‌మిషన్. ఒమాహా కంపెనీవాళ్ళు మన భాష తెలిసిన మనిషిని పెట్టి పంపారు, ఎంత గొప్ప దేశం అనుకున్నాను. మా ఆవిడ భోజనం పెట్టింది. పెరుగన్నం రెండుసార్లు వేయించుకున్నాక "నీ పేరేమిటమ్మా?" అని అడిగింది.

"శశికళ, ఆంటీ."

ఒమాహా కంపెనీ మనిషి కాదు, మీ అమ్మాయే. జూలై నాలుగు, ఇక్కడి స్వాతంత్ర్య దినం సెలవులకి స్నేహితురాలి ఇంటికని మీతో చెప్పి, డెన్వర్ పాత సామాన్ల షెడ్లలో మూడు సాయంత్రాలు తిరిగి, నేను రాసిన నంబరు సరిపోయేది వెతికి తెచ్చిందట.

"అంకుల్, నేను నో చెప్పడానికి వచ్చాను" అంది. "నాకు ఇప్పుడు పెళ్ళి వద్దు. లెటర్‌లో రాస్తే మళ్ళీ ఎవరికో ఇంకోలా అర్థం అవుతుంది. అందుకని నేనే చెప్తున్నాను. మీరు ఇక్కడ మూడు వారాలు మా వల్ల వెయిట్ చేశారు, నాకు చాలా బ్యాడ్‌గా అనిపించింది. పార్ట్ అందుకు."

గోపాల్ వాన్ కిందనుంచే విన్నాడు. తల బయటపెట్టి "నాక్కూడా ఇప్పుడే వద్దండీ. నాన్నతో చెప్పే ధైర్యం లేక దారిలో క్యాంపింగ్ పెట్టాను, నాలుగు రోజులు కలిసొస్తాయని" అన్నాడు. ఈ మాట నాకు ఇరవై ఒక్క రోజులుగా చెప్పలేదు. తర్వాత "ఆ జాకీ కాస్త పట్టుకుంటారా?" అని అమ్మాయిని అడిగాడు. అమ్మాయి పట్టుకుంది.

వాల్ట్ సెలవులకి చేపలు పట్టడానికి పోతూ గ్యారేజీ తాళాలు వీళ్ళకి ఇచ్చి వెళ్ళాడు. శనివారం, ఆదివారం ఇద్దరూ ఆ వాన్ కిందే ఉన్నారు. వేళకి భోజనానికి పిలిస్తే రారు. కింద నుంచి వాదన వినిపించేది. ఏ బోల్టు ముందు బిగించాలని ఒకసారి, పనమ్మాయి లేని దేశంలో అంట్లు ఎవరు తోమాలని ఒకసారి. పెళ్ళి వద్దనుకున్నవాళ్ళు అంట్లదాకా ఎందుకు వెళ్ళారని మా ఆవిడని అడిగితే నన్ను నోరు మూసుకుని కూర్చోమంది. రాత్రి అమ్మాయి మా ఆవిడ గదిలోనే పడుకుంది. నేనూ గోపాలూ పక్క గదిలో.

నిన్న సోమవారం వాన్ కదిలింది. మిసెస్ ఓల్సన్ చప్పట్లు కొట్టింది. "పది మైళ్ళు నడిపి చూసి వస్తాం" అని ఇద్దరూ వెళ్ళారు. మూడింటికి మోటెల్‌కి ఫోన్ వచ్చింది. తొంభై మైళ్ళ అవతల, ఇంతకంటే చిన్న ఊళ్ళో వాన్ ఆగిపోయిందట. ట్రాన్స్‌మిషన్ నిక్షేపంగా ఉంది, ఈసారి పోయింది రేడియేటర్. పది మైళ్ళన్నవాళ్ళు తొంభై మైళ్ళు ఎందుకు వెళ్ళారని నేను అడగలేదు. మాటల్లో పడి వెనక్కి తిరగడం మరిచిపోయామని అమ్మాయే చెప్పింది. చెప్తూ నవ్వుతోంది. వెనక మావాడి నవ్వూ వినపడింది. ఈ మూడు వారాల్లో వాడు నవ్వగా వినడం అదే మొదలు.

పార్ట్ గురువారం వస్తుందట. సెలవు రేపటితో అయిపోతుందిరా అంటే, సూపర్‌వైజర్‌తో తను మాట్లాడతానని అమ్మాయి ఫోన్ లాక్కుంది. ఈ ఉదయం మాట్లాడింది కూడా. సోమవారందాకా ఇచ్చాడు. నేను తహసీల్దారుగా ఉన్న చోడవరంలో నేనడిగితే నా గుమస్తా కూడా అంత తొందరగా ఒప్పుకునేవాడు కాదు.

అక్కడ మోటెల్ లేదు. అమ్మాయి ఒక స్కూలు టీచరమ్మ ఇంట్లో, అబ్బాయి ఫైర్ స్టేషన్‌లో ఉన్నారు. టీచరమ్మతో నేనే మాట్లాడి విచారించాను. తహసీల్దారు విచారణ, మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

వద్దన్న మాట ఇద్దరిలో ఎవరూ వెనక్కి తీసుకున్నట్టు నాతో చెప్పలేదు. ఈ ఉదయం గోపాల్ మళ్ళీ ఫోన్ చేసి "నాన్నా, జాతకాలు పంపేశావా?" అని అడిగాడు. లేదన్నాను. "ఉండనీ" అన్నాడు. అంతే. ఇరవై ఏళ్ళు అర్జీలు చదివినవాణ్ణి, ఆ మాత్రం అర్థమవుతుంది.

ఇప్పుడు చిక్కల్లా మాది. పిల్లలూ వాన్ అక్కడ, మేమూ మీ అమ్మాయి కారూ ఇక్కడ. నాకు డ్రైవింగు రాదు, జీపులో పక్క సీటే తెలుసు. కాబట్టి మీరిద్దరూ బయల్దేరి రండి. పెళ్ళిచూపులు ఎవరింట్లో జరగాలనే పట్టింపు నాకు పోయింది. ఎవరి వాహనం నడుస్తుంటే వాళ్ళే రావాలి.

ఇట్లు,
మీ
ఉమామహేశ్వరరావు

తా.క.: మీనాక్షి వదినగారికి రాజేశ్వరమ్మ రాయునది. అమ్మాయి తన కారుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని వెళ్ళింది. ఇంకో తాళంచెవి ఉంటే తప్పక తీసుకురండి, ఈయన కళ్ళజోడు అందులోనే ఉండిపోయింది. అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి. పైన "బావగారికి" అన్నది మాత్రం చూపు ఆనక రాసింది కాదు, నన్ను అడిగే రాశారు.