కాడి కట్టి చూసిన కంప్యూటర్లు

గిద్దలూరు,
మార్చి 2

మొహిద్దీన్ అన్నకు, అరుణకుమారి నమస్కారాలు.

నిన్న ఐదోసారి ఫోన్ చేసినప్పుడు మీరు, "అమ్మా, మీ సందేహాలు వినేలోపల దుకాణంలో ఇద్దరు గిరాకీలు లేచిపోయినారు. అన్నీ కాగితం మీద రాసి పంపండి, కూర్చోని జవాబు రాస్తా" అన్నారు. విసుగుతో అన్నారో, నిజంగా అన్నారో తేల్చుకోలేక రాత్రంతా ఆలోచించి, నిజమేననుకుని రాస్తున్నాను. మా కాలేజీలో పనిచేసే మహేశ్వరి రోజూ మార్కాపురం నుంచే వస్తుంది. ఉత్తరాలు ఆమె చేత పంపుకుందాం.

విషయం మీకు తెలిసిందే. నలభై రెండు ఊళ్ళ వానల మీద, బోర్ల లోతు మీద తొమ్మిదేళ్ళుగా పీహెచ్‌డీ చేస్తున్నాను. ఏప్రిల్ పదిలోపు థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తామని యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. మిగిలింది ఒక్క పెద్ద లెక్క. దాన్ని నా పాత కంప్యూటర్ సగం దాకా మోసి కూలబడుతోంది.

మీ దుకాణంలో చూసిన ల్యాప్‌టాప్ మీదా, డెస్క్‌టాప్ మీదా ప్రాసెసర్ పేరులో అదే ఏడో నంబరు ఉంది. పేరు ఒకటైనప్పుడు పని కూడా ఒకటే కావాలి కదా? కాకపోతే అదే పేరు ఎందుకు పెట్టినట్టు?

మీ జవాబు కోసం చూసే
అరుణకుమారి

తా.క.: ఇది నాలుగో ప్రతి. మొదటి మూడింట్లో సందేహాలు సరిగ్గా కుదరలేదు.

---

మార్కాపురం,
మార్చి 4

అరుణమ్మకు గౌస్ మొహిద్దీన్ సలాములు.

విసుగుతోనే అన్నాను తల్లీ. అయినా మాటంటే మాటే, రాస్తున్నాను.

ఆ రెండింటికీ ఇంటిపేరు ఒకటే, అంతే. డెస్క్‌టాప్‌లో ఉండేవాడు ఇంటిపట్టున మూడు పూటలా తినే అన్న. ల్యాప్‌టాప్‌లో వాడు సద్దిమూట కట్టుకుని గొర్రెల వెంట పోయే తమ్ముడు. అన్నకు కావాల్సినంత కరెంటు అందుతుంది, ఒళ్ళు వేడెక్కితే విసరడానికి పెద్ద ఫ్యాను ఉంటుంది. తమ్ముడికి అంత తిండీ లేదు, అంత గాలీ లేదు. మొదటి పది నిమిషాలు ఇద్దరూ దాదాపు ఒకే తీరున ఉరుకుతారు. ఆ తర్వాత తమ్ముడు వేడెక్కి, తనకు తానే అడుగు తగ్గిస్తాడు. చిన్న పనైతే తేడా కనపడదు. మీది ఆగకుండా సాగే లెక్క. డెస్క్‌టాప్ తీసుకోండి, సందేహం వద్దు.

మీ మేలు కోరే
గౌస్ మొహిద్దీన్

తా.క.: మా ఇంటామె షాయిస్తా మీ ఉత్తరం చదివి, "ఈమె గాజులు ఎట్ల కొనుక్కుంటుందో పాపం" అంటోంది.

---

గిద్దలూరు,
మార్చి 6

అన్నా, నమస్కారం.

మీరు సందేహం వద్దన్నారు. నాకు అక్కడే సందేహం వచ్చింది. ఇంత పెద్ద విషయాన్ని అంత తొందరగా తేల్చగలిగారంటే, ఎక్కడో ఏదో వదిలేసి ఉంటారు. పైగా మాకు కరెంటు చెప్పి పోదు. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ మీద నడుస్తుంది. మరి బ్యాటరీ మీద తమ్ముడు ఇంకా నెమ్మదిస్తాడా?

ఇదంతా చదివి వినిపిస్తే మా నాయన బ్రహ్మం నవ్వినాడు. (ఆయన మాటలు రాస్తుంటే నాకూ ఆయన యాసే వస్తోంది.) గొర్రెలతో, ఎద్దులతో బతికిన మనిషి. "ఏంది మే, ఉత్తరాలు రాస్తే ఎద్దు బలం తెలుస్తాదా? కాడి కట్టి నాలుగు సాళ్ళు దున్నిస్తే అదే చెప్తాది" అన్నాడు.

రెండింటినీ ఒక వారం పంపగలరా? మొహమాటం లేకుండా కాదనండి. మీరు కాదంటే నాకూ కొంచెం నిమ్మళంగానే ఉంటుంది.

అరుణకుమారి

తా.క.: షాయిస్తా గారికి చెప్పండి. గాజులు మా అమ్మ ఉన్నప్పుడు ఆమే కొనేది. ఇప్పుడు వేసుకోవడం మానేశాను.

---

మార్కాపురం,
మార్చి 9

అరుణమ్మకు,

ఈ దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళయింది. కాడి కట్టి చూస్తామన్న వాళ్ళు మీరే మొదలు. మీ నాయన చెప్పింది సబబుగానే ఉంది. రెండూ రేపు పొద్దున బస్సులో వస్తాయి, దించుకోండి.

కానీ పందెం పందెం మాదిరే ఉండాలి. రెండింటికీ అదే లెక్క ఇవ్వండి. ఒక్క అంకె కూడా మార్చొద్దు. ఒకదానికి మెత్తటి చేను, ఇంకొకదానికి రాళ్ళ నేల ఇస్తే అది పందెం కాదు. ల్యాప్‌టాప్‌ను కూడా గోడ ప్లగ్గుకు తగిలించే నడపండి. బ్యాటరీ మీద వాడు ఇంకా నెమ్మదిస్తాడు, మీ అనుమానం నిజమే. గడియారం పెట్టుకుని మూడేసి మార్లు చూడండి.

గౌస్ మొహిద్దీన్

తా.క.: నడవకపోతే తోక మెలేయొద్దని మీ నాయనకు చెప్పండి. వెనక ఉండేవన్నీ వైర్లు.

---

గిద్దలూరు,
మార్చి 13

అన్నా,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ల్యాప్‌టాప్: ఇరవై ఆరు నిమిషాలు. డెస్క్‌టాప్: యాభై ఒకటి. మూడేసి సార్లు, మీరు చెప్పినట్టే. గడియారం నాయన పట్టుకున్నాడు, నేను రాసుకున్నాను. మీ తమ్ముడు సద్దిమూటతో కొండెక్కి దిగొచ్చేసరికి, మీ అన్న ఇంకా గడప దాటలేదు.

మీ మీద నాకు అనుమానం లేదు. అంటే, ఉండకూడదని ప్రయత్నిస్తున్నాను. నాయన మాత్రం, "ముసలెద్దుకు కొత్త గంటలు కట్టి పంపినాడు మొహిద్దీను" అంటున్నాడు. నేను కాదనే అన్నాను. గట్టిగా మాత్రం అనలేదు.

అరుణకుమారి

తా.క.: డెస్క్‌టాప్ వెనక నుంచి వేడి ఆవిరి కూడా వస్తోంది. పాతబడిన వస్తువులకు అలా వస్తుందా?

---

మార్కాపురం,
మార్చి 14

అరుణకుమారి మేడం గారికి,

అమ్మా అని రాయడానికి ఈ పొద్దు మనసు రాలేదు. ఆ డెస్క్‌టాప్ డబ్బా నా చేతులతో నేనే తెరిచినాను. దానికి ముందు ఎవరూ ముట్టలేదు. మార్కాపురంలో నన్ను ధర ఎక్కువన్న వాళ్ళున్నారు, మాట ఎక్కువన్న వాళ్ళున్నారు. పాత సరుకు అన్నవాళ్ళు లేరు.

ఏది ఎక్కడ పెట్టినారు, పక్కన ఏముంది, ఎవరు ముట్టుకున్నారు, ఒక్కటీ వదలకుండా రాయండి. మీకు వదలకుండా రాయడం బాగా వచ్చు కదా.

గౌస్ మొహిద్దీన్

తా.క.: షాయిస్తా మీ వైపే ఉంది. ఈ పొద్దు ఇంట్లో కూడా నేను ముసలెద్దునే.

---

గిద్దలూరు,
మార్చి 16

అన్నా, క్షమించండి. అనుమానం నా జబ్బు, మీ తప్పు కాదు.

అడిగారు కాబట్టి అన్నీ రాస్తున్నాను. రెండింటినీ నాయన సొంత జీవాల్లాగే చూసుకుంటున్నాడు, ఆ విషయంలో ఏ లోటూ లేదు. ల్యాప్‌టాప్ ముట్టుకుంటే కాలుతోందని, మీ ఊరి పలకరాళ్ళు రెండు తెచ్చి, మధ్యలో సందు వదిలి దాని కింద పెట్టాడు. కూలరు దాని వైపు తిప్పాడు. డెస్క్‌టాప్ డబ్బా బల్ల కింద మూలన ఉంది. అది గుర్రుమంటూ సన్నగా వణుకుతుంటే, "బస్సులో వచ్చినప్పుడు గాలి కొట్టినట్టుండాది, ఒళ్ళు కాలిపోతాంది" అని తన నల్ల గొంగళి నాలుగు మడతలేసి చుట్టూ కప్పాడు. దుమ్ము పడకుండా ఉంటుంది, మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను. తడి చేతులతో ఎవరూ ముట్టలేదు.

ఇంతకంటే ఇంకేం జాగ్రత్త తీసుకోవాలో చెప్పండి.

అరుణకుమారి

తా.క.: వాము కషాయం పోస్తానంటే నేనే వద్దన్నాను.

---

మార్కాపురం,
మార్చి 17

అమ్మా,

గొంగళి తియ్యండి.

ఇది చదవడం పూర్తయ్యేదాకా కూడా ఆగొద్దు. ముందు గొంగళి తియ్యండి. కూలరు తిప్పేయండి, రాళ్ళు తీసేయండి, రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి మళ్ళీ ఒకసారి నడపండి. నాలుగు మడతల గొంగళిలో యాభై ఒక్క నిమిషాలకైనా పని ముగించినాడంటే వాడు మామూలు మొనగాడు కాదు.

గౌస్ మొహిద్దీన్

తా.క.: మీ నాయనకు నా సలాములు చెప్పండి. నాకు జ్వరమొస్తే మాత్రం చెప్పొద్దు.

---

గిద్దలూరు,
ఏప్రిల్ 7

మొహిద్దీన్ అన్నకు, మీ అరుణమ్మ నమస్కారాలు.

మూడు వారాలు ఉత్తరం లేదని మీరు మహేశ్వరిని రెండుసార్లు అడిగారట. చెప్తాను.

గొంగళి తీశాక డెస్క్‌టాప్‌కు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. రాళ్ళూ కూలరూ లేని ల్యాప్‌టాప్‌కు ముప్ఫై ఒకటి. మీరు మొదటి ఉత్తరంలో రాసిందే నిజం. లోకంలో నేను సందేహించకుండా వదిలేసిన వస్తువు ఒక్కటే, అది ఆ గొంగళి.

ఇక అసలు సంగతి. నా పాత కంప్యూటర్ సగంలో కూలబడుతోందని రాశాను. అది కూలబడలేదు అన్నా. సగానికి వచ్చేసరికి ప్రతిసారీ నేనే ఆపేదాన్ని. అర్ధవీడు వాన కొలత సరైనదేనా, ఫలానా రైతు బోరు లోతు నిజమే చెప్పాడా అని ఏదో ఒకటి తోచేది. ఆపి, అంకెలు మార్చి, మళ్ళీ మొదటి నుంచి. తొమ్మిదేళ్ళలో ఆ లెక్కను ఒక్కసారి కూడా చివరిదాకా పోనివ్వలేదు. మీరేమో పందెంలో ఒక్క అంకె మార్చొద్దన్నారు. నా మీద నాకు లేని నమ్మకం పందెం మీద ఉన్నట్టుంది, మార్చలేదు. అన్నదమ్ములిద్దరూ కలిసి ఎనిమిదిసార్లు ఆ లెక్కను ముగించారు. ఎనిమిదిసార్లూ ఒకటే జవాబు.

అయినా అనుమానం పోక, పాతదాని మీద కూడా పెట్టి, కుర్చీలోంచి లేచి వంటింట్లోకి పోయాను. మూడు గంటల పది నిమిషాలు పట్టింది. అదే జవాబు.

ఆ పాతదాని మీదే ఆఖరి అధ్యాయం రాశాను. నిన్న యూనివర్సిటీకి పోయి థీసిస్ ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాను. నాలుగు రోజులు ముందే. రసీదు నాయన చేతిలో పెడితే తిరగేసి మరగేసి, "ఇంతేనా, మే?" అన్నాడు. ఇంతే నాయనా అన్నాను.

డెస్క్‌టాప్‌ను రేపటి బస్సులో పంపుతున్నాను. ల్యాప్‌టాప్‌ను కొనుక్కుంటున్నాను. ఆ నలభై రెండు ఊళ్ళ వాళ్ళు తొమ్మిదేళ్ళుగా, "ఏమి తేలిందమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. ఇప్పుడు ఊరూరా తీసుకుపోయి, వాళ్ళ బోర్ల దగ్గరే కూర్చుని చూపించాలని ఉంది. అక్కడికి గొర్రెల వెంట తిరిగేవాడే కావాలి. నాయన, "గెలిచిన ఎద్దును తోలేసి, ఓడిన దాన్ని గాటన కట్టేసేదాన్ని నిన్నే చూసినా" అంటున్నాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరి సలహా అడగలేదు.

ఎప్పటికీ మీ గిరాకీ,
అరుణకుమారి

తా.క.: మౌఖిక పరీక్ష వచ్చే నెలలో ఉంటుందట. ఏ చీర కట్టుకోవాలని ఎవరినీ అడగకుండా బీరువాలో పైన కనిపించినది తీసి పెట్టుకున్నాను. అంటే, రెండు తీసి పెట్టాను. ఒకటి ఆకుపచ్చ, ఇంకొకటి ముదురు నీలం. షాయిస్తా గారికి తీరిక ఉంటే ఒక్క ముక్క రాయమనండి.