ఒక్కరి కోసం క్సై

ఆగస్టు 4, సోమవారం

ఈ ఏడు ఎమ్మెస్సీలో ఆస్ట్రానమీ పేపర్ తీసుకున్నది అమూల్య ఒక్కతే. ఈరోజు బోర్డు మీద ξ రాశాను. క్సై. గ్రీకు అక్షరాల్లో ఇన్నేళ్లకీ నా చేతికి లొంగనిది ఇదే. జడ ఊడిపోయినట్టుండాది మేడమ్ అంది. ఇద్దరం నవ్వాం. హిందూపురం కాలేజీలో నేను నవ్వి చాలా కాలమైంది.

మ్యాథ్స్‌లో, మీన్ వాల్యూ థియరమ్‌లో, ξ అంటే a, b ల మధ్య ఎక్కడో ఉండే బిందువు. ఉందని రుజువు చేయగలం, ఎక్కడుందో చెప్పలేం. ఆస్ట్రానమీలో దీని పని వేరు. ఒక గెలాక్సీకి దగ్గర్లో ఇంకోటి ఉండే అవకాశం, అన్నీ ఇష్టం వచ్చినట్టు చెదిరి ఉంటే ఉండేదానికన్నా ఎంత ఎక్కువో చెబుతుంది. అయితే అవి కూడా గుంపులుగానే ఉంటాయా మేడమ్ అని అడిగింది. అవునన్నాను.

ఆగస్టు 7, గురువారం

ట్రైన్‌లో అమూల్య లేదు. రోజూ ధర్మవరంలో ఎక్కి, పెనుకొండలో ఎక్కే నా కోసం పక్క సీటు మీద బ్యాగ్ పెట్టి ఉంచుతుంది. ఈరోజు నిలబడే వచ్చాను.

ఆగస్టు 11, సోమవారం

ఇంకా రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు. ప్రిన్సిపాల్ పిలిచి, స్టూడెంటే లేకపోతే పేపర్ ఎట్ల నడుపుతాము విమల గారూ అన్నారు. ఒక వారం ఆగమన్నాను.

ఆగస్టు 17, ఆదివారం, సాయంత్రం

ధర్మవరంలో అమూల్య వాళ్లింటికి వెళ్లొచ్చాను. చదువు ఆపొద్దు, ఇంట్లో ఒప్పించే పూచీ నాది అని చెప్పాలని దారంతా అనుకుంటూ వెళ్లాను.

వాళ్లమ్మ ధనలక్ష్మి మగ్గం మీంచి లేచి వచ్చి కుర్చీ వేసింది. అమూల్య యూనిఫామ్‌లో ఉంది. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమట. ఎవరూ బలవంతం చేయలేదు, తనే అప్లై చేసిందట. మీకు చెప్పేకి మొగం చెల్లలేదు మేడమ్, ఆడ బాగుండాది, నా మాదిరి పిల్లోళ్లు శానామంది ఉండారు అంది. ఇంతలో కంపెనీ బస్సు వచ్చింది. లోపలినుంచి ఎవరో తనను పేరు పెట్టి పిలిచారు. పరుగెత్తి ఎక్కింది.

ఇక లేవాలని తెలుసు. లేవలేకపోయాను. ధనలక్ష్మి కాసేపు నన్ను చూసి, మీకు ఇంట్లో ఎవురెవురు ఉండారు మేడమ్ అని అడిగింది. ఎవరూ లేరన్నాను. నా ట్రైన్ టైమయ్యేదాకా పని మానుకుని పక్కనే కూర్చుంది.

అమూల్య చదువు కోసం వెళ్తున్నానని అనుకున్నాను. అందుకు కాదు.

ఆగస్టు 18, సోమవారం

పేపర్ తీసేశారు.

ఆగస్టు 24, ఆదివారం

ధనలక్ష్మి ఫోన్ చేసింది. మేడమ్ అనలేదు. విమలా, అన్నం తింటివా అంది. ఇంకా లేదన్నాను. అయితే రైలెక్కి ఈడికి రా అంది.

చెప్పులు వేసుకుని, నిలబడే ఇది రాస్తున్నాను.