గదిలో ఇంకెవరున్నారు?

బాపూ,

కరోనా వల్ల లా ప్రవేశ పరీక్షను ఈ రోజు మన కొడకండ్ల ఇంట్లోనే రాశాను. ల్యాప్‌టాప్ కెమెరాలోంచి ఒక సారు నన్ను చూస్తూనే ఉన్నాడు. నాకు మాత్రం ఆయన గొంతే వినిపించింది. కళ్లు పక్కకు తిప్పానో లేదో, దొంగను అడిగినట్టు అడిగాడు.

"గదిలో ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు సార్."

తలుపు అవతలి నుంచి అవ్వ అరిచింది. "గట్లంటవేందే! మీ బాపు లేడా ఆడ? గిప్పుడే చాయ్ పెట్టొచ్చిన."

"అబద్ధమాడావు. ఆయన్ని బయటికి పంపు, లేకపోతే పరీక్ష రద్దు."

ఇన్ని మాటలు నేర్చుకున్నాను కానీ, 'పోయాడు' అన్న మాట నోటికి రాలేదు. గోడ మేకుకు వేలాడుతున్న నీ ఫొటో తీసి, దాని ముందున్న చాయ్ గ్లాసుతో సహా అవ్వ చేతికిచ్చాను.

"గది మళ్లీ చూపించు," అన్నాడు.

ల్యాప్‌టాప్ తిప్పి ఖాళీ గోడ చూపించాను.

అప్పుడు నమ్మాడు.

నీ బిడ్డ