అమ్మతో ఒకే క్లాసు

హిందూపురం

అల్లుడు ధనుంజయకు,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు కాబట్టి పెనుకొండలో మీ అవ్వ ఇంటికి ఈ ఉత్తరం రాస్తున్నాను. దీన్ని కట్ చేయలేవు.

నిన్న ధర్మవరంలో మీ ఇంటికి వెళ్లి మీ ఇద్దరి ర్యాంకు కార్డులూ చూశాను. లా ప్రవేశ పరీక్షలో మీ అమ్మ నీకంటే ముందుంది. నువ్వు కోచింగుకు పోయావు. ఆమె పట్టుచీరలు నేస్తూ చదివింది. ఇందులో నా వ్యాఖ్య ఏమీ లేదు.

స్నేహితులు ఉన్నారని నువ్వు అనంతపురం కాలేజీ కోరుకున్నావు. ఇంటి నుంచి రోజూ రైల్లో పోయి రావచ్చని ఆమె కూడా అదే కాలేజీ అనుకుంది. "అమ్మతో ఒకే క్లాసా? అందరూ నగుతారు" అని నువ్వు అలిగి అవ్వ ఇంటికి పోయావు. అప్పటి నుంచి ఆమె ఏ కాలేజీనీ ఎంచుకోకుండా కూర్చుంది. శనివారంతో గడువు ముగుస్తుంది. నీకు తిరుపతి ఉంది, కర్నూలు ఉంది. ఆమెకు అదొక్కటే.

"పోనీలే అన్నా, వాడు చదువుకోనీ. నేను వచ్చే ఏడు చూస్తా" అంది.

"వచ్చే ఏడు వాడు నీకు సీనియరైతాడు. ర్యాగింగ్ చేస్తే యాడ చెప్పుకుంటావు?" అన్నాను.

నవ్వింది. తర్వాత మగ్గం ఆపి అడిగింది: "క్లాసులో వాడు నన్ను ఎరగనట్టు ఉంటే నేనూ అట్లే ఉంటా. మరి మధ్యాన్నం వాని క్యారియర్ ఎట్ల ఇచ్చేదన్నా?"

 దీనికి జవాబు గడువులోగా ఆమెకు నువ్వే చెప్పాలి.

మీ మామ