మడమకు రెండు మిషన్ల బోధ

అక్కా, ప్రభువు దయవల్ల కులాసా. ఆదివారం కూటంలో నిలబడి ప్రసంగించగలవా అని అడిగావు. మడమ నొప్పికి ఇక్కడి ఆసుపత్రిలో మొదట అల్ట్రాసౌండ్ మిషన్ పెట్టారు. జెల్లు రాసి మెల్లగా రుద్దుతుంటే కునుకు పట్టేది గానీ, తెల్లారి తొలి అడుగు వేస్తే మళ్ళీ మేకు దిగినట్టే. తర్వాత షాక్‌వేవ్ మిషన్. టకటకా కొడుతుంటే ప్రాణాలు తోడేసింది, నొప్పి మాత్రం సగం దిగింది. బుజ్జగించే బోధకూ గద్దించే బోధకూ తేడా ఇదే! ఆ ఆనందంలో "స్తోత్రం!" అంటూ అలవాటు కొద్దీ అదే మడమతో నేలను దబ్బుమని తొక్కాను.

వైద్యం చేసే అమ్మాయి నెత్తి కొట్టుకుంది. "అయ్యగారూ, ప్రసంగమంతా ఇలాగే తొక్కుతారా? అయితే ఏ మిషనూ మిమ్మల్ని బాగుచేయలేదు. కూర్చుని చెప్పండి."

కూర్చుంటే మాటలో నిప్పెక్కడుంటుందని మండిపడ్డాను. గదికి వచ్చి గ్రంథం తెరిస్తే, ప్రభువు కొండమీద కూర్చునే బోధించాడని ఉంది. అందుకే ఆదివారం నేనూ కూర్చునే చెబుతాను.

శనివారానికి వస్తాను. బావ దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు. పెరట్లోని ఎత్తు స్టూలు మీద కూర్చుందామంటే దానికి ఒక కాలు ఊడింది కదా, అదీ నేనూ ఇద్దరం కుంటితే సంఘం నవ్వుతుంది. నా కాలు కోసం ప్రార్థించు, దాని కాలు కోసం వడ్రంగిని పిలిపించు.

నీ తమ్ముడు